నిప్పు పెట్టేవాడి బాధ్యత: ఆయిల్ బర్నర్ అమరికలో పురుషకారం, దైవం

ఆయిల్ బర్నర్ చమురును సన్నని తుంపరగా చిమ్మి, ఫ్యాను తెచ్చిన గాలితో కలిపి, విద్యుత్ నిప్పురవ్వతో వెలిగించే యంత్రం. చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసులకూ, వేడినీటి బాయిలర్లకూ మంటను అందించేది ఇదే. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఐర్లండ్ ద్వీపంలో ఇప్పటికీ లక్షల ఇళ్లు దీని మీదే చలికాలం గడుపుతున్నాయి. న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్ వంటి చోట్ల పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు బేస్‌మెంటులో ఈ యంత్రమూ, దాని పక్కన చమురు ట్యాంకూ ఎదురవుతుంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లకు దీని అవసరం లేకపోయినా, పరిశ్రమల బాయిలర్ల దగ్గర ఇదే సూత్రంతో పనిచేసే పెద్ద బర్నర్లు ఉన్నాయి.

బర్నర్ బిగించినవాడు పని ముగించి వెళ్లిపోతాడు. మంట మాత్రం అక్కడే ఉంటుంది. మనుషులు నిద్రపోయే ఇంట్లో, ఎవరూ చూడని గదిలో, తనంతట తాను వెలుగుతూ ఆరుతూ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎప్పుడో ఒకనాడు ప్రమాదం జరిగితే జనం నోట వచ్చే మాటలు రెండే: విధి రాత, లేదా ఫలానావాడి నిర్లక్ష్యం. వీటిలో ఏది ఎప్పుడు నిజం? మనిషి చేయగలిగింది ఎక్కడ ముగుస్తుంది, దైవం ఎక్కడ మొదలవుతుంది? నియమాలన్నీ పాటించినవాడి బాధ్యత అంతటితో తీరిపోతుందా? ఇవి ధర్మశాస్త్రాలు చాలాకాలంగా విచారించిన ప్రశ్నలు. బర్నర్ అమర్చడానికి ముందు జరగాల్సిన సన్నాహమంతా వీటికి ఆచరణలో చెప్పుకునే సమాధానమే.

పొయ్యి గురించి పాత ధర్మశాస్త్రాలు

ఇంట్లో నిప్పు ఏర్పాటు చేసుకోవడాన్ని మతధర్మంలో భాగంగా చూసిన సంప్రదాయాల్లో యూదు సంప్రదాయం ముఖ్యమైనది. నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఒక విధి ఉంది. నిప్పు రాజుకుని ముళ్లకంపల గుండా పాకి ఎదుటివాడి పంటను కాల్చేస్తే, నిప్పంటించినవాడే నష్టం కట్టివ్వాలి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం మరో అడుగు ముందుకు వేస్తుంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టించాలి, లేకపోతే పైనుంచి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుంది. పడేవాడు ఎవరో, ఎప్పుడు పడతాడో ఇల్లు కట్టేవాడికి తెలియదు. తెలియకపోయినా ఆ మనిషి పట్ల కర్తవ్యం ముందే పుట్టింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మసంహిత పొయ్యి కొలతలను కూడా చెప్పింది. ఇంట్లో పొయ్యి పెట్టుకోవాలంటే దాని పైన నాలుగు మూరల ఖాళీ ఉండాలి. మేడమీద పెడితే దాని కింద నేలకు మూడు బెత్తెల మందాన మెత్తాలి. చిన్న కుంపటి అయితే ఒక బెత్తెడు చాలు. ఇవన్నీ పాటించినా నష్టం జరిగితే, నష్టపరిహారం ఇవ్వాల్సిందే అని పండితుల మాట. వాళ్లలో ఒకరైన రబ్బీ షిమోన్ దీనికి ఒప్పుకోలేదు. ఈ కొలతలు చెప్పిందే వాటిని పాటించినవాడికి పరిహార బాధ్యత లేకుండా చేయడానికి అని ఆయన వాదం. నియమాన్ని పాటించడం బాధ్యతకు ముగింపా, లేక మొదలు మాత్రమేనా అనే ప్రశ్న ఇక్కడ సూటిగా నిలబడింది.

మిష్నా మీద వ్యాఖ్యానంగా పెరిగిన తాల్ముద్‌లో ఇదే చర్చ ఇంకా లోతుకు పోయింది. నిప్పు చేసే హాని మనిషి వదిలిన బాణం వంటిదని రబ్బీ యోహానాన్ అన్నాడు. చేతిని వదిలి వెళ్లినా అది వదిలినవాడి చర్యే. నిప్పు మనిషి సొత్తు, సొత్తు చేసిన హానికి సొంతదారుడు ఎలా బాధ్యుడో అలాగే దీనికీ బాధ్యుడని రేష్ లాకీష్ అన్నాడు. గాలి విషయంలో మరో విభజన చేశారు. మామూలుగా వీచే గాలికి నిప్పు వ్యాపిస్తే వెలిగించినవాడు బాధ్యుడు. ఎన్నడూ వీచని గాలి లేచి వ్యాపింపజేస్తే బాధ్యుడు కాడు. రోజూ వీచే గాలిని దైవం మీదికి నెట్టడానికి వీల్లేదని దీని సారం.

దైవమా, పురుషకారమా

భారతీయ సంప్రదాయంలో ఈ ప్రశ్న దైవానికీ పురుషకారానికీ మధ్య వివాదంగా నడిచింది. రామాయణం అయోధ్యకాండలో పట్టాభిషేకం ఆగిపోవడాన్ని రాముడు దైవసంకల్పంగా తీసుకుంటే, దైవాన్ని నమ్ముకునేది చేవలేనివాళ్లేనని లక్ష్మణుడు ఎదురుతిరిగాడు. మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు ఈ రెంటిలో ఏది గొప్పదని నేరుగా అడుగుతాడు. పురుషకారం పొలమనీ, దైవం విత్తనమనీ, రెండూ కూడితేనే పంట అనీ బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన మాటను భీష్ముడు వినిపిస్తాడు. యాజ్ఞవల్క్య స్మృతి కూడా పురుషకారం లేనిదే దైవం ఫలించదంటుంది. యోగవాసిష్ఠం అన్నిటికన్నా తీవ్రంగా మాట్లాడింది. దైవమంటూ వేరే ఏదీ లేదని, మునుపు చేసిన ప్రయత్నమే ఇప్పుడు ఆ పేరుతో ఎదురవుతోందని ముముక్షు ప్రకరణం వాదిస్తుంది.

బర్నర్ విషయంలో యోగవాసిష్ఠం మాట అక్షరాలా నిజమయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. జనవరి నెల అర్ధరాత్రి ఇంట్లోకి పొగ కమ్మితే ఆ ఇంటివాళ్లకు అది పిడుగుపాటు లాంటిదే. దాని వెనక ఎండాకాలంలో పక్షి గూడు కట్టిన పొగగొట్టం ఉండొచ్చు, ఆ గొట్టంలోకి ఒకసారైనా చూడకుండా బర్నర్ బిగించిన మనిషి ఉండొచ్చు.

ఇంత వాదం ఉన్నా, పని చేసేవాడికి బాగా అక్కరకొచ్చే విభజన భగవద్గీత 18వ అధ్యాయంలో దొరుకుతుంది. మనిషి శరీరంతో, మాటతో, మనసుతో చేసే ఏ పనికైనా ఐదు కారణాలు ఉంటాయని అక్కడ చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. దైవానికి శంకరులు ఇంద్రియాలకు అధిష్ఠానమైన ఆదిత్యాది దేవతలని అర్థం చెప్పారు. రామానుజులు లోపల ఉండి నడిపించే పరమాత్మ అన్నారు. అర్థం ఏదైనా ఐదింటి వరుసలో దైవం చివర ఉంది. మొదటి నాలుగూ మనిషి చూసుకోవాల్సినవి. వ్యాఖ్యాతలు శరీరాన్ని అధిష్ఠానంగా చెప్పిన ఈ విభజనను యంత్రపు పనికి అన్వయిస్తే పని జరిగే చోటు, చేసే మనిషి, పనిముట్లు, చేసే క్రమం అనే నాలుగు భాగాలు వస్తాయి. బర్నర్ సన్నాహం మొత్తం ఈ నాలుగింటిలో ఇముడుతుంది.

చోటు

గృహ్యసూత్రాల ప్రకారం హోమంలో అగ్నిని ప్రతిష్ఠించే ముందు చాలా పని ఉంటుంది. చోటు ఊడ్చి, అలికి, స్థండిలం అనే చదునైన వేదిక వేసి, గీతలు గీసి, నీళ్లు చల్లాకే నిప్పు వస్తుంది. తర్వాత చుట్టూ దర్భలు పరుస్తారు, పడమర, దక్షిణ, ఉత్తర దిక్కుల్లో పరిధులనే కర్రలు ఉంచుతారు, నీటితో పరిషేచనం చేస్తారు. ఈ విధులకు ఉన్న అర్థాలు వేరు, వీటిని అగ్నిమాపక సూత్రాలుగా చెప్పడం తగదు. అయినా వీటి వరుసలో ఒక నిశ్చయం కనిపిస్తుంది. నిప్పుకు హద్దులున్న చోటు ముందు సిద్ధం కావాలి, నిప్పు ఆ తర్వాతే రావాలి.

బర్నర్ పెట్టే గదిలో చూడాల్సినవి మూడు: నేల, గాలి, పొగదారి. నేల కాలనిదై, చదునుగా, బాయిలర్ బరువును మోయగలదై ఉండాలి. చెక్క గోడలకూ, దూలాలకూ, అరలకూ ఎంత దూరం ఉంచాలో తయారీదారు యంత్రం ఫలకం మీదా, పుస్తకంలోనూ ఇస్తాడు. ఆ దూరం తగ్గడానికి వీల్లేదు. పెయింటు డబ్బాలు, పెట్రోలు, థిన్నర్లు ఆ గదిలో ఉండకూడదు. పాత కాగితాలు, అట్టపెట్టెలు కూడా యంత్రానికి దూరంగా ఉండాలి. యంత్రం చుట్టూ మనిషి కూర్చుని పనిచేసేంత ఖాళీ కావాలి. చెయ్యి పట్టని యంత్రానికి శుభ్రమయ్యే యోగం ఉండదు.

గాలి కంటికి కనిపించదు కాబట్టి ఎక్కువ మంది మరిచిపోయేది దాన్నే. ఒక లీటరు చమురు పూర్తిగా కాలడానికి సుమారు 10 ఘనమీటర్ల గాలి కావాలి, ఆచరణలో ఇంకొంత ఎక్కువే ఇవ్వాలి. గంటకు 3 లీటర్లు కాల్చే మామూలు ఇంటి బర్నర్, ఆ గంటలో ఒక పడకగదిలో ఉండే గాలినంతా వాడేస్తుంది. పాత ఇళ్లలో కిటికీ సందుల్లోంచి ఆ గాలి వచ్చేది. కొత్త కిటికీలు వేసి, సందులన్నీ పూడ్చి, యంత్రాన్ని చిన్న గదిలో తలుపేసి ఉంచితే గాలి ఎక్కడినుంచి రావాలి? వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, బట్టలారబెట్టే డ్రయర్ కూడా ఇంట్లోంచి గాలిని బయటికి తోస్తుంటాయి. లోపల గాలి కరువైతే పొగగొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి దిగుతుంది. అందుకే బయటినుంచి గాలి వచ్చే మార్గాన్ని లెక్కకట్టి ఏర్పాటు చేయాలి. దాన్ని చలి వస్తోందని తర్వాత ఎవరూ గుడ్డలు కుక్కి మూయకుండా ఇంటివాళ్లకు చెప్పాలి.

పొగదారిని పైనుంచి కింది దాకా చూడాలి. రాలిన ఇటుకలు, పక్షి గూళ్లు, మసి, పగిలిన లోపలి పూత ఏవీ మిగలకూడదు. గొట్టం కొలత యంత్రానికి సరిపోవాలి. పాత పెద్ద చిమ్నీకి కొత్త పొదుపు యంత్రాన్ని తగిలిస్తే పొగ త్వరగా చల్లబడి, అందులోని నీటి ఆవిరి గొట్టం గోడలకు చెమ్మగా పడుతుంది. చమురులోని గంధకం వల్ల ఆ చెమ్మ ఆమ్లమై ఇటుకల సున్నాన్ని తినేస్తుంది. అలాంటప్పుడు లోపల తగిన లోహపు గొట్టం దించాల్సి వస్తుంది.

చేసే మనిషి

తామస కర్మకు గీత ఇచ్చిన లక్షణం కర్తకు పరీక్షగా పనికొస్తుంది. అనుబంధం, క్షయం, హింస, పౌరుషం అనే నాలుగింటినీ చూడకుండా మోహంతో మొదలుపెట్టిన పని తామసమని అందులో ఉంది. పని వెంట వచ్చే ఫలితాలు, అందులో జరిగే నష్టం, ఇతరులకు కలిగే హాని, తన శక్తి ఎంత అన్నవి ఆ నాలుగు. ఇక్కడ మంచి ఉద్దేశం మనిషిని కాపాడదు. మొదలుపెట్టే ముందు చూశాడా లేదా అన్నదే ప్రశ్న.

బర్నర్ పనిలో అనుబంధమంటే ఏళ్ల తరబడి ఆ మంట నడిచే తీరు. నష్టమంటే చమురు కారి మట్టిలో ఇంకి, పక్కింటి బావినీళ్లలో కలిసే అవకాశం. ఆ మట్టిని తవ్వి తీయించడం యంత్రం ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది. హింస అంటే అన్నిటికన్నా ముందు కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలక చమురు సగం కాలినప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వరుసగా వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అవి కూడా తెలియవు.

ఇక పౌరుషం. కుళాయి బిగించడం, ఫ్యాను తగిలించడం వచ్చినవాడికి బర్నర్ అమర్చడం వచ్చినట్టు కాదు. చాలాచోట్ల దీనికి లైసెన్సు కావాలి, స్థానిక అధికారుల అనుమతి కావాలి, పని తర్వాత తనిఖీ జరగాలి. అమెరికాలో చమురు మంట యంత్రాల అమరికకు ప్రమాణంగా వాడేది ఎన్‌ఎఫ్‌పీఏ 31. భారతదేశంలో చమురు నిల్వకు 2002 నాటి పెట్రోలియం నియమాలు, బాయిలర్లకు వాటి ప్రత్యేక చట్టం వర్తిస్తాయి. పాత బాయిలర్ల చుట్టూ, గొట్టాల చుట్టూ ఉండే తెల్లని పూత ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని గీకడం, విరగ్గొట్టడం ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆ అనుమానం రాగానే పని ఆపి, ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లను పిలిపించాలి. తనకు రాని చోట ఆగడం కూడా కర్త ధర్మంలో భాగమే.

పనిముట్లు

అమెరికా ఇళ్లలో వాడే 2వ నంబరు చమురు పెట్రోలు వంటిది కాదు. ప్రమాణాల ప్రకారం దాని ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత, కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ద్రవంగా ఉన్నంతసేపు సులువుగా అంటుకోదు కాబట్టే దాన్ని పంపుతో ఒత్తి, నాజిల్ గుండా తుంపరగా మార్చాలి. ఇందులో కొద్దిపాటి పెట్రోలు కలిసినా పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అందుకే పెట్రోలు మోసిన డబ్బాను దీనికి వాడకూడదు, భాగాలను పెట్రోలుతో కడగకూడదు. పరిశ్రమల్లో వాడే ఫర్నేస్ ఆయిల్ ఇంకా చిక్కనిది, తుంపర కావాలంటే దాన్ని ముందుగా వేడి చేయాలి. కాబట్టి ఏ చమురుకు చేసిన బర్నర్‌ను ఆ చమురుకే వాడాలి.

ట్యాంకు విషయంలో దగ్గరగా చూడదగిన వివరం ఒకటుంది. అమెరికా ఇళ్ల బేస్‌మెంటుల్లో ఎక్కువగా కనిపించేది 275 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 1,040 లీటర్లు. దానికి ఇంటి బయటికి రెండు గొట్టాలు వెళతాయి. ఒకదాంట్లోంచి చమురు పోస్తారు, రెండోదాంట్లోంచి లోపలి గాలి బయటికి పోతుంది. గాలి పోయే దారిలో చిన్న ఈల బిగిస్తారు. చమురు పోస్తున్నంతసేపు బయటికి తోసుకొచ్చే గాలి ఆ ఈలను మోగిస్తుంది. మట్టం ఈల దాకా రాగానే మోత ఆగుతుంది, లారీ మనిషి వెంటనే పంపు ఆపుతాడు. పోయడం మొదలెట్టగానే ఈల వినిపించకపోతే ఇక పోయకూడదు. బయట నిలబడ్డవాడికి లోపలి ట్యాంకు స్థితిని చెప్పేది ఆ ఈల ఒక్కటే.

ఇదే చోట ఒక పెద్ద ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. గ్యాసుకు మారిన ఇంట్లో ట్యాంకు తీసేసి, గోడకున్న చమురు పోసే గొట్టాన్ని వదిలేస్తారు. చిరునామా పొరబడిన లారీ ఆ గొట్టంలోకి చమురు పంపితే అది నేరుగా బేస్‌మెంటు నేలమీద పడుతుంది. ఇలాంటి ప్రమాదాలు నిజంగా జరిగాయి. ట్యాంకు తీసినప్పుడే ఆ రెండు గొట్టాలనూ పూర్తిగా తీసేయాలి. వదిలేసినవాడు ఆ లారీ డ్రైవరును ఎన్నడూ చూసి ఉండడు. పిట్టగోడ విధి చెప్పిన కర్తవ్యం ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది.

ట్యాంకు నుంచి బర్నర్ దాకా వచ్చే రాగి గొట్టానికి ఫ్లేర్ జాయింట్లు వేయాలి, కంప్రెషన్ జాయింట్లు వేయకూడదు. నేలలో, కాంక్రీటులో పోయే గొట్టానికి తొడుగు ఉండాలి. దారిలో ఫిల్టరు, మంటల వేడికి కరిగి తనంతట మూసుకునే ఫైర్ వాల్వు ఉండాలి. మెట్ల పైభాగంలో ఎర్ర పలకతో అత్యవసర స్విచ్ ఉంటే, కింద మంట లేచినప్పుడు కిందికి దిగకుండానే యంత్రాన్ని ఆపొచ్చు.

నాజిల్ మీద మూడు వివరాలు ముద్రించి ఉంటాయి: గంటకు ఎన్ని గ్యాలన్లు, తుంపర ఎంత కోణంలో విచ్చుకుంటుంది, తుంపర తీరు ఎలాంటిది. మంటగది కొలతకు ఈ మూడూ కుదరాలి. కోణం ఎక్కువైతే చమురు గోడలకు తగిలి మసి కడుతుంది. తక్కువైతే మంట వెనక గోడను కొడుతుంది. వేడి ఎక్కువ రావాలని పెద్ద నాజిల్ వేయడం యంత్రం శక్తికి మించి చమురు పోయడమే అవుతుంది. మంటను కనిపెట్టి ఉండే క్యాడ్ సెల్ అనే కన్ను మరో ముఖ్యమైన భాగం. వెలుగు కనిపించకపోతే అది కంట్రోలుకు తెలియజేస్తుంది, కంట్రోలు కొన్ని సెకన్లలో బర్నర్‌ను ఆపి తాళం వేస్తుంది. పాత కంట్రోళ్లలో ఈ గడువు 45 సెకన్లు, కొత్తవాటిలో చాలావరకు 15 సెకన్లు.

చేసే క్రమం

చోటు, మనిషి, పనిముట్లు సరిగా ఉన్నా క్రమం తప్పితే పని చెడుతుంది. విద్యుత్తు ఆపి ఉండగానే బిగింపులన్నీ పూర్తి కావాలి. చమురు గొట్టాల్లో లీకులు లేవని పరీక్షించాలి. మంటగదిలో పాత చమురు నిలిచిలేదని టార్చి వేసి చూడాలి. పంపులో, గొట్టంలో చిక్కుకున్న గాలిని బయటికి వదలాలి. అప్పుడే తొలిసారి వెలిగించాలి.

వెలగలేదనుకోండి. చాలామంది చేసే పని రీసెట్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కడం. నొక్కిన ప్రతిసారీ గడువు ముగిసేదాకా చమురు మంటగదిలోకి చిమ్ముతూనే ఉంటుంది. ఐదారుసార్లు నొక్కేసరికి లోపల చమురు మడుగు కడుతుంది. చివరికి నిప్పురవ్వ అంటుకున్నప్పుడు ఆ చమురంతా ఒక్కసారి రాజుకుని, పొగగొట్టాన్ని ఊడదీసి, ఇల్లంతా మసి చిమ్ముతుంది. ఒక్కసారి నొక్కాలి, వెలగకపోతే ఆపి, స్విచ్ తీసేసి మెకానిక్‌ను పిలవాలి. తాళం పడటం యంత్రం చేసిన హెచ్చరిక, దాన్ని లెక్కచేయకపోవడం హానిని చూడకుండా పనికి దిగడమే.

వెలిగిన తర్వాత కొలతలు తీయాలి. పొగ నమూనాను తెల్లకాగితం మీద పట్టి 0 నుంచి 9 దాకా ఉన్న మచ్చల పట్టీతో పోలుస్తారు, 0 రావాలన్నది లక్ష్యం. మంటపైన లాగుడు, అంటే పొగను పైకి లాగే డ్రాఫ్ట్, సాధారణంగా 0.02 అంగుళాల నీటిమట్టం మేర ఉండేలా సరిచేస్తారు. పొగలోని ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, ఉష్ణోగ్రత కూడా కొలుస్తారు. మంట రంగు చూసి బాగుందనుకోవడం చాలదు. తర్వాత క్యాడ్ సెల్‌ను కావాలని విడదీసి, బర్నర్ నిజంగా ఆగుతోందో లేదో చూడాలి. కాపలా పెట్టినవాడు మెలకువగా ఉన్నాడని నిర్ధారించుకోవడం ఇది. అంకెలన్నీ కార్డు మీద రాసి యంత్రం దగ్గర వేలాడదీయాలి. వచ్చే ఏడాది వచ్చే మనిషి తేడా పట్టుకునేది ఆ కార్డుతోనే.

యజ్ఞంలో బ్రహ్మ అనే ఋత్విక్కు స్థానానికి ఉన్న ప్రాధాన్యం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఆయన దక్షిణాన కూర్చుని చాలావరకు మౌనంగా క్రతువునంతా చూస్తుంటాడు. దోషం జరిగితే ప్రాయశ్చిత్తంతో సరిదిద్దే భారం ఆయనది. చేసేవాడు ఎంత సమర్థుడైనా చూసేవాడు ఇంకొకడు ఉండాలని ఆ సంప్రదాయం నిర్ణయించింది. తనిఖీ అధికారి రాకను అవమానంగా భావించే మెకానిక్ ఈ నిర్ణయాన్ని ఆలోచించాలి. తానొక్కడినే కర్తననుకునేవాడు సరిగా చూడటం లేదని గీత కూడా ఐదు కారణాల వెంటనే చెప్పింది.

మిగిలింది దైవం

నాలుగూ సక్రమంగా చేశాక కూడా కొంత మిగులుతుంది. లోహంలో కంటికి కనిపించని పగులు, ఎన్నడూ రాని గాలివాన, భూకంపం వంటివి మనిషి లెక్కకు అందవు. తాల్ముద్ చెప్పిన ఎన్నడూ వీచని గాలి ఇదే. దీన్ని దైవమని పిలవడంలో తప్పు లేదు. తప్పు, మామూలు గాలిని కూడా ఆ ఖాతాలో రాయడంలో ఉంది. పక్షి గూడు, మూసుకుపోయిన గాలిదారి, వదిలేసిన గొట్టం, పదేపదే నొక్కిన బటన్ ఏవీ దైవం కావు.

ఆ మిగిలిన దాని విషయంలోనూ మనిషికి పని ఉంది. పడుకునే గదుల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం మొదటిది. తెలియని లోపం తలెత్తుతుందని ముందే ఒప్పుకుని, దానికి ఏర్పాటు చేయడం వినయంతో చేసే పని. ఏడాదికోసారి నాజిల్, ఫిల్టరు మార్చి, పొగదారి శుభ్రం చేసి, కొలతలు మళ్లీ తీయించడం రెండోది. అత్యవసర స్విచ్ ఎక్కడుందో, అలారం మోగితే వెంటనే అందరూ బయటికి వెళ్లి అక్కడినుంచే సహాయానికి ఫోన్ చేయాలనీ పిల్లలతో సహా ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పడం మూడోది.

ఇంత జాగ్రత్త పడటం దేవుడి మీద నమ్మకం లేకపోవడమేనా అని సందేహం రావచ్చు. ఒంటెను కట్టేయాలా, దేవుడి మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన మనిషికి ముందు కట్టేసి ఆ తర్వాత భారం వేయమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. గీత కూడా ఫలాన్ని విడిచిపెట్టమంది, పనిలో శ్రద్ధను విడిచిపెట్టమనలేదు. ప్రతి పనినీ నిప్పును పొగ చుట్టుకున్నట్టు ఏదో దోషం చుట్టుకునే ఉంటుందనీ, అంతమాత్రాన తన పనిని వదలకూడదనీ గీత 18వ అధ్యాయమే చెబుతుంది. దోషం ఉంటుందని తెలిసినవాడు దాన్ని వెతుకుతాడు, తగ్గిస్తాడు. ప్రయత్నం అయ్యాక వచ్చే శరణాగతికి విలువ ఉంది. ప్రయత్నానికి బదులుగా తెచ్చుకున్న శరణాగతి సోమరితనం.

పండితులకూ రబ్బీ షిమోన్‌కూ మధ్య వాదంలో రెండు వైపులా కొంత సత్యం ఉంది. నేల, గాలి, పొగదారి చూసి, తన శక్తి ఎరిగి, సరైన పనిముట్లతో, క్రమం తప్పకుండా, రెండో మనిషి తనిఖీతో పని చేసినవాడిని నిందించడం న్యాయం కాదు. ఇంతవరకు షిమోన్ మాట సరైనది. నింద లేనంత మాత్రాన సంబంధం తెగిపోదు. తాను పెట్టిన నిప్పు వల్ల ఒకరికి హాని జరిగితే వెళ్లి చూడటం, కారణం వెతకడం, నష్టం సరిదిద్దడంలో పాలుపంచుకోవడం ఆ మనిషి ధర్మం. ఇంతవరకు పండితుల మాట సరైనది. కొలతలు పాటించడం వల్ల దోషం తీరుతుంది, కర్తవ్యం తీరదు.

ఇది బిగించే మనిషికి ఎంత వర్తిస్తుందో, బిగించుకునే ఇంటివాళ్లకూ అంతే వర్తిస్తుంది. తక్కువ డబ్బుకు, అనుమతి లేకుండా, ఒక్కరోజులో పని ముగించమని ఒత్తిడి చేసేవాళ్లు కూడా ఆ నిప్పు పెట్టినవాళ్లలోకే వస్తారు. కనుక చలి మొదలవకముందే పొగదారి చూపించండి, అర్హత ఉన్న మనిషినే పిలవండి, తనిఖీ జరిగేదాకా ఆగండి, కొలతల కార్డు అడిగి తీసుకోండి, అలారం మోగుతోందో లేదో నొక్కి చూడండి. ఇవన్నీ అయ్యాకే దైవానికి దండం పెట్టుకుని స్విచ్ వేయండి.